చుక్కల కాగితం

పొద్దున్నే అనసూయ చాటలో బియ్యం పోసుకుని వేళ్లతో రాళ్లు ఏరుతోంది. ఏడో ఏట చూపు పోయింది. అప్పటి నుంచి కళ్లు చేసే చాకిరీ అంతా ఈ పది వేళ్ల నెత్తినే పడింది. వంటింట్లో ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, చక్కెర డబ్బాకు రెండు. ఇరవై ఏళ్ల కాపురంలో ఒక్కనాడూ చాయ్‌లో ఉప్పు పడలేదు. అయినా "చూసి ఎయ్యవే" అనడం అత్త లక్ష్మీనర్సమ్మ మానలేదు. ఏం చూస్తుంది, తలకాయ!

"జల్ది కానియ్. ఓటేసొచ్చి నేను దుకాణం తెరవాలె," అన్నాడు భర్త సదానందం. వరంగల్ చౌరస్తా దగ్గర కిరాణా దుకాణం ఆయనది.

ఓటంటేనే ఆమెకు నీరసం. ప్రతిసారీ తోడుగా వచ్చానని సంతకం పెట్టేది ఆయన, బటన్ నొక్కేది ఆయన, ఇంటికొచ్చి "మన రెండు ఓట్లు మనోళ్లకే పడ్డయి" అని తల్లితో చెప్పేదీ ఆయనే. సిరా మాత్రం ఆమె వేలికి. హాస్టల్ బడిలో వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ, అంటే చుక్కల అక్షరాలు నేర్చుకున్నానని పెళ్లయిన కొత్తలో చెబితే, "గిప్పుడు గవెందుకు?" అని నవ్వారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. పొద్దస్తమానం అరిగిపోయే మనిషికి వాదించే ఓపిక ఎక్కడిది?

ఈసారి బూత్‌లో ఆఫీసరమ్మ ఒక దళసరి కాగితం ఆమె చేతిలో పెట్టింది. "చుక్కల అక్షరాలు వస్తయా అమ్మా? పోటీ చేసేటోళ్ల పేర్లు, నంబర్లు ఇందుల ఉన్నయి. మిషన్ మీద బటన్ల పక్కపొంటి గవే నంబర్లుంటయి."

"ఆమెకేం తెల్వది మేడం, నేనే ఏస్త," అంటూ సదానందం అప్పటికే పెన్ను తీశాడు.

అనసూయ వేళ్లు కాగితం మీద తడబడ్డాయి. ఒక పేరు అందింది, తర్వాత ఇంకొకటి. ఏడుపొచ్చింది ఆమెకు. ఇలాంటి కాగితం ఉంటుందని ఇన్నేళ్లూ ఎవరూ కనుక్కోలేదు, తను కూడా.

"నాకొస్తయి మేడం," అంది.

"తప్పు నొక్కుతవే, ఓటు ఖరాబైతది," అన్నాడాయన.

"ఎన్నడన్న మీ చాయ్‌ల ఉప్పేసిన్నా? మీరు బయట కూసోన్రి." గొంతు పెంచలేదు.

లోపల చుక్కలు తడిమి, మళ్లీ తడిమి, నొక్కింది. మిషన్ పొడుగ్గా మోగింది.

ఆటోలో రెండుసార్లు అడిగాడు, ఎవరికేశావని. ఆమె సిరా వేలిని బొటనవేలితో తడుముకుంటూ కూర్చుంది. ఇల్లు చేరగానే అత్త, "వచ్చిన్రా? జర చాయ్ పెట్టు," అంది. అనసూయ రెండు రబ్బరు బ్యాండ్ల డబ్బా తీసింది. సదానందం వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"గిప్పుడన్న చెప్పు. ఎవరికేసినవ్?"

"చక్కెర ఎంతెయ్యాలె?" అంది అనసూయ.

ఇరవై ఏళ్లలో ఆయనకు తెలియనిది ఆమె దగ్గర ఒకటి మిగిలింది. అది చెప్పదలచుకోలేదు.