నిలబడ్డవాళ్లకు గడి లేదు

మా వీధి చివర బస్‌స్టాప్ స్తంభానికి నోటీసు అంటించారు. ఈ వారం లెక్కలో రోజుకు యాభై మంది కూడా ఎక్కని స్టాపులు ఎత్తేస్తారట. తర్వాతి స్టాపు వంతెన అవతల ఉంది. మధ్యలో అరవై నాలుగు మెట్లు. మోకాలి ఆపరేషన్ అయిన మా అత్తగారు వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లాలి. ఆ మెట్లు ఆవిడ ఎక్కలేరు.

ఎనిమిదిన్నరకు అత్తగారూ నేనూ స్టాపుకు వెళ్లేసరికి లెక్క రాసే ఆయన మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని కూర్చున్నారు. మొదటి బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంతో వచ్చి ఆగకుండానే పోయింది. రెండోదీ అంతే. మూడోది కాస్త నెమ్మదించి, ఆశపెట్టి పోయింది. ఆయన మాత్రం శ్రద్ధగా రాస్తున్నారు. వంగి చూశాను. ఎక్కినవారు: సున్నా, సున్నా, సున్నా.

చుట్టూ ముప్పై మందిమి నిలబడి ఉన్నాం. ఒళ్లు మండిపోయింది. ఆపకుండా పోయేది వాళ్లు, ఎక్కలేదన్న నింద మా మీదా! మమ్మల్ని ఎక్కడ రాశారని అడిగాను. బస్సెక్కితేనే ప్రయాణికులట. నిలబడ్డవాళ్లకు ఫారంలో గడి లేదట.

"నా చేతిలో ఏముందమ్మా?" అన్నారాయన.

"పెన్ను ఉందిగా నాయనా," అన్నారు అత్తగారు.

అందరూ నవ్వారు, ఆయన తప్ప. నేను మందుల చీటీ వెనక గీతలు గీసి, ఎక్కలేకపోయినవాళ్లందరి చేతా పేరు, వచ్చిన సమయం రాయించి సంతకాలు పెట్టించాను. పదకొండు లోపల ఆగిన బస్సులు రెండే. ఆ తోపులాటలో కర్ర పట్టుకున్న మనిషి ఎలా ఎక్కుతుంది? పదింటి ఫిజియోథెరపీ ఎలాగూ తప్పిపోయింది, ఆలస్యంగానైనా చూస్తారేమోనని అక్కడే ఆగాం. ఆయన కాగితంలో తొమ్మిది మంది, నా చీటీలో నలభై ముగ్గురు. చీటీని ఫారానికి జతచేయమంటే తనకు ఆ అధికారం లేదన్నారు.

పదకొండుకు డ్యూటీ దిగి, కుర్చీ మడిచి చంకలో పెట్టుకున్నారు. పన్నెండుకల్లా ఫారం ఆఫీసులో ఇవ్వాలట. రోడ్డు అంచున నిలబడి చెయ్యెత్తారు. బస్సు ఆగలేదు. ఇంకొకటి వచ్చింది. అదీ ఆగలేదు.

"ఇప్పుడు మీరు ఏ గడిలో ఉన్నారండీ?" అని అడిగాను.

ఆయన గడియారం చూసుకున్నారు. నా చేతిలో చీటీ తీసుకుని నలభై మూడో పేరు కింద తన పేరు, సమయం రాసి, సంతకం చేసి, ఫారానికి పిన్ను గుచ్చారు.

"ఆ కుర్చీ ఇలా వెయ్యి నాయనా," అన్నారు అత్తగారు. "వచ్చేదైనా ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు."