రెండు గిన్నెల పప్పు

“ఆ చేత్తో పప్పు గిన్నె ముట్టుకోమాక.”

నాగేంద్రమ్మ ఆ మాట అని పదకొండు నెలలైంది. అప్పటినుంచి కోడలు భావన వంటింటి గడప తొక్కలేదు. ఆమె చేసిన నేరమల్లా నరసరావుపేట దగ్గర ఫార్మసీ కాలేజీ ల్యాబులో క్యాన్సర్ కణాలను పెంచడం, సెల్‌ఫోన్లు వాడే జాతి తరంగాలను వాటి మీదికి పంపి, అవి పెరుగుతాయా, తగ్గుతాయా, ఏమీ కావా అని చూడటం. చేతులకు తొడుగులుంటాయని, కణాలు ల్యాబు దాటి రావని, అసలది అంటుకునే జబ్బే కాదని చెప్పి చూసింది. “దిష్టి మాత్రం కంటికి కనపడిద్దా?” అంది అత్తగారు. ఆ ఒక్క ముక్కతో ఐదేళ్ల చదువు మూల కూర్చుంది.

ఊరు అక్కడితో ఆగుతుందా. భావన పెట్టెలో పెంచుతున్న క్యాన్సర్ దూడంత అయిందని, ఫోను మోగితే తోక ఊపుతుందని చెప్పుకున్నారు. తోకకు నేను పూచీ పడను గాని, మేత మాట మాత్రం నిజం. రెండు రోజులకోసారి ఆమె కణాలకు పోషక ద్రవం మారుస్తుంది. ఎప్పుడో చనిపోయిన ఒకావిడ ఒంట్లోవి అవి. మనిషి పోయినా ఆమె కణాలకు సెలవు దొరకలేదు, ఇంకా చాకిరీ చేస్తూనే ఉన్నాయి. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు భావనకు వాళ్లమ్మ గుర్తొచ్చింది. ఎందుకో అత్తగారు కూడా.

అంటు మహా చిత్రమైనది. వండే గిన్నెకు అంటుతుంది, ఎంగిలి గిన్నెకు అంటదు. పొయ్యి దగ్గరికి రానివ్వరు గాని ఇంటిల్లిపాది కంచాలు, మామ నరసింహారావు పంచెలు, బాత్‌రూము గచ్చు అన్నీ ఆమె చేతికే. మాటల కంటే అదే ఎక్కువ కాల్చింది. అంటే వీళ్లకు భయం కూడా పూర్తిగా లేదన్నమాట, తమకు వీలున్నంత మేరకే భయం.

భర్త కృష్ణచైతన్యది మరో తరహా. “ఫోనుతో క్యాన్సర్ వచ్చిద్దా, పోయిద్దా? ఒక్క ముక్కలో చెప్పు.” ఇంకా తెలియదంటే నవ్వుతాడు. “ఐదేళ్లు చదివి తెలియదనటం నేర్చుకున్నావా?” అన్నీ తెలిసినవాళ్లున్న ఈ ఇంట్లో తెలియదని చెప్పగలిగేది తనొక్కతే కదా అనుకుంటుంది ఆమె.

కోటప్పకొండ తిరునాళ్లకు బండి మీద నిలిపే వెదురు గోపురం, ఊరి ప్రభ కడుతున్నారు. ఎనభై అడుగులు, చెప్పేవాడికి మీసముంటే తొంభై. కట్టే నలభై మందికీ రోజుకొక ఇల్లు భోజనం పెడుతుంది. శుక్రవారం వీళ్ల వంతు. భావన కణాలను లెక్కపెట్టాల్సింది కూడా ఆ శుక్రవారమే. మూడు రోజులు తరంగాలు పెట్టి నాలుగో రోజు లెక్క చూడాలి. రెండుసార్లు చేసింది. మూడోసారి కూడా కుదిరితేనే గైడు థీసిస్ మీద సంతకం పెడతాడు. ఒక్కరోజు ఆలస్యమైతే ప్లేట్లన్నీ కణాలతో నిండిపోయి తేడా తెలియదు.

“పసుపు నీళ్లు పోసుకొని వంటింట్లోకి రా. అంటు పోయిద్ది” అంది నాగేంద్రమ్మ.

పసుపు నీళ్లతో పోయేదానికి పదకొండు నెలలు ఎందుకని భావన అడగలేదు. ఆమెకు ల్యాబులో పద్ధతి గుర్తొచ్చింది. ఒకేలాంటి రెండు పెట్టెల్లో రెండు ప్లేట్లు పెడతారు, తరంగాలు మాత్రం ఒకదానికే. ఏది ఏదో తోటి స్కాలర్ ఫర్హీన్ రాసి కవరులో దాస్తుంది. లెక్కయ్యేదాకా విప్పకూడదు. ముందే తెలిస్తే కళ్లు తమకు కావలసిందే చూస్తాయి.

శుక్రవారం పొద్దున నాగేంద్రమ్మ పప్పు దించి స్నానానికి వెళ్లింది. ఆమె వచ్చేసరికి వాకిట్లో మూతలు పెట్టిన రెండు గిన్నెలున్నాయి. వాటిమీద సుద్దముక్కతో ఒకటి, రెండు అని అంకెలు. భావన భర్తతో చెప్పింది, ఒకటి అత్తయ్య వండింది, ఒకటి నేను వండింది, ఏది ఏదో చెప్పను, వడ్డించేటప్పుడు అందరికీ ఈ మాట చెప్పండి అని. వేళాకోళమనుకొని అతను సరేనన్నాడు. ఆమె బస్సెక్కింది.

మధ్యాహ్నం మైక్రోస్కోపు మీద వంగి రెండో ప్లేటు లెక్కలో ఉండగా ఫోను మోగింది. ఎన్నడూ ఫోను చేయని అత్తగారు.

“ఏమే, మీ మామ ఒకటో గిన్నె పప్పు నోట్లో పెట్టుకొని ఊసేశాడు. మందుల వాసన, ఇది కోడలిదే అన్నాడు. నలభై మందీ తందాన అన్నారు. రెండో గిన్నె నాకేశారు.”

భావన మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

“మూత తీయంగానే తెలిసింది నాకు. నా గుండిగలో పప్పే సగం సగం పోసిపోయావు. రెండూ నావే. ముప్పై ఆరేళ్లు తిన్నాడే నా చేతి పప్పు.”

“ఆ మాట వాళ్లకు చెప్పారా అత్తయ్యా?”

“భోజనాల బంతి మధ్యలో నిలబడి చెప్పా. ఒక్కడు తలెత్తితే ఒట్టు.”

అవతల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. అలవాటు లేని చేతులేవో మొరటుగా తోముతున్నాయి.

“ఇక నేను గిన్నెలు తోమను అత్తయ్యా. అంటినా, అంటకపోయినా.”

“నేను మాత్రం తోముతానన్నానా? ఆ చప్పుడు మీ మామదే. నువ్వు తొందరపడి రామాక, నీ పని నిదానంగా చూసుకో.”

మాటల్లో పడి అంకె పోయింది. కవరు ఇంకా విప్పలేదు. భావన మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.