సీలింగ్ పైన గోడ

ఆదివారం వస్తే మా అత్త పోచమ్మకు వంటింటి సజ్జ గుర్తుకొస్తుంది. సామానంతా దించి, పైన తుడిచి, మళ్ళీ ఎక్కించాలి. "అంత పైన ఎవ్వరు చూస్తరు అత్తమ్మా?" అని పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను. "ఎవ్వరు చూడకుంటే మురికి మురికి కాదా? అది ఆడున్నదని నీకు తెల్వదా?" అంది. మాట సరైనదే. అందుకే ఆరేళ్ళుగా స్టూలెక్కి తుడుస్తున్నాను. అప్పుడు నా భర్త భాస్కర్ ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. అది కూడా ఆరేళ్ళుగానే.

ఆఫీసులో నేను గీసేది గోడలు. పెద్ద భవనాల్లో పైపులూ కేబుళ్ళూ కింది నుంచి పైదాకా వెళ్ళడానికి నిలువుబావి లాంటి ఖాళీ ఉంటుంది. దాన్ని షాఫ్ట్ అంటాం. ఒక అంతస్తులో మంట పుడితే పొగ ఆ దారినే పైకి పాకుతుంది. అందుకని దాని చుట్టూ జిప్సం పలకల గోడ కడతారు. షాఫ్ట్ లోపల నిలబడే చోటుండదు కాబట్టి మొత్తం ఇవతలి నుంచే బిగించేలా గీయాలి. జిప్సంలో నీరు దాగి ఉంటుంది. మంట తగిలితే ఆ నీరు ఆవిరయ్యేదాకా వేడిని అవతలికి పోనివ్వదు. నా గోడ రెండు గంటలు ఆగుతుంది. ఆలోపు మనుషులు మెట్లు దిగిపోవాలి. మా నాన్న మల్లయ్య తాపీ మేస్త్రీ, బడి ముఖం చూడలేదు. ఇటుక లేని గోడంటే ఆయనకు ఇప్పటికీ నమ్మకం లేదు గానీ, బిడ్డ గీసిందంటే ఆగుతుందిలే అంటాడు.

గీసేది నేనైనా, డిజైన్ చేసినవారు అన్న గడిలో మా మేనేజర్ ఆదర్శ్ పేరుండేది. సైట్‌కూ ఆయనే వెళ్ళేవాడు. ఆ దుమ్ములో మీకెందుకండీ అనేవాడు, మర్యాదగానే. మీటింగ్ అంటే టీ చెప్పే పని మాత్రం ఎందుకో నాదయ్యేది. ఒక గురువారం ఆయనే ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఖాజాగూడ దగ్గర పద్నాలుగు అంతస్తుల భవనంలో షాఫ్ట్ గోడలన్నీ డిజైన్ ప్రకారమే కట్టారని ఇచ్చే పత్రం అది. మొదటిసారి ఆ గడిలో నా పేరు అచ్చయి ఉంది: బి. నవనీత. సంతకం పెట్టడమే తరువాయి.

ఇంట్లో చెబితే భాస్కర్ సంతోషపడ్డాడు. శనివారం సైట్ చూసొచ్చి పెడతానంటే ముఖం మారింది. "సంతకానికి సైటెందుకు? పెట్టమన్న కాడ పెట్టు. నువ్వు పోతే ఇంట్ల వంటెవరు చేస్తరు?"

నేను వెళ్ళాను.

తొమ్మిదో అంతస్తులో గోడ నున్నగా, తెల్లగా ఉంది. కాసేపు దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నేల తుడుస్తున్న సక్కుబాయి ఎవరు మేడం నువ్వు అని అడిగింది. ఈ గోడ నాదే అన్నాను. "గోడ మంచిగనే ఉన్నది గని, ఆరో అంతస్తు క్యాంటీన్ల మిరపకాయ పోపేస్తే ఈడ నాకు తుమ్ములొస్తున్నయ్" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఆమె నిచ్చెన తెచ్చి గట్టిగా పట్టుకుంది. ఎక్కి, స్లాబు కింద వేలాడదీసిన సీలింగ్ పలక ఒకటి పక్కకు జరిపాను. గోడ సీలింగ్ దాటి జానెడు పైకి వచ్చి ఆగిపోయింది. పై స్లాబును తాకాల్సిన గోడ. ఆ సందులో చెయ్యి పెడితే భుజం దాకా చీకట్లోకి వెళ్ళింది. ఇక రెండు గంటలెక్కడివి? పొగ రెండు నిమిషాలు కూడా ఆగదు. ఇంకో మూడు అంతస్తులు చూశాం. అంతటా అదే.

సోమవారం ఆదర్శ్‌ను అడిగాను. ఆయనకు ముందే తెలుసు. పైపులు అడ్డొచ్చాయట, కాంట్రాక్టరు తొందరపడ్డాడట.

"సీలింగ్ మూసేశారు కదండీ, పైన ఎవరు చూస్తారు? ఇన్నేళ్ళూ పేరు రాలేదని బాధపడ్డారు. ఇప్పుడిస్తుంటే వద్దంటారేం?"

"పేరు కావాలి సార్. అందుకే చూసొచ్చాను."

ఆయన ఎదుటే పెన్ను తీసి, పత్రంలో నా పేరు కింద రాశాను: నేను చూసిన నాలుగు అంతస్తుల్లో గోడ స్లాబు దాకా లేదు, ఇది నా డిజైన్ కాదు, మిగతా అంతస్తుల్లోనూ సీలింగ్ విప్పి చూడాలి. కింద సంతకం పెట్టి, భవన యజమానికీ వాళ్ళ ఫైర్ కన్సల్టెంటుకూ పంపేశాను. ఇక్కడ మీకు కష్టమవుతుందండీ అన్నాడాయన. అవుతుందని నాకూ తెలుసు. కానీ గురువారానికల్లా ఖాజాగూడలో అన్ని అంతస్తుల సీలింగులూ విప్పడం మొదలుపెట్టారు.

ఆదివారం అత్త మళ్ళీ సజ్జ సంగతి ఎత్తింది. స్టూలు తెచ్చి సజ్జ కింద వేశాను. భాస్కర్ చేతిలో ఫోన్ తీసి పక్కన పెట్టి, తడిబట్ట ఇచ్చాను. అత్త ఏదో అనబోయింది.

"మురికి మురికే కదా అత్తమ్మా, ఎవరు తుడిస్తేంది" అని, భాస్కర్ వైపు తిరిగాను.

"ఎక్కు. స్టూలు నేను పట్టుకుంట."