మన భాష మాట్లాడే సాహెబు

లక్మా చేతిలోని గునపాన్ని రైల్వే ఇన్‌స్పెక్టర్ కూర్మారావు లాక్కుని కంకరలో పారేశాడు. రేపట్నుంచి పనిలోకి రావద్దని హిందీలో చెప్పాడు. లక్మా ఏడేళ్ళుగా ఆ పట్టాల మీద రోజుకూలీ చేస్తున్నాడు. గ్యాంగు మొత్తం గుడ్లప్పగించి చూసింది. అతను చేసిన నేరమేమిటో గ్యాంగు మేస్త్రీ పైడయ్యకు తెలుసు. నిన్న పని వదిలి, పైడయ్య కూతుర్ని సైకిలు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

మూడు నెలల క్రితం కూర్మారావు అడవుల మధ్య కిరండూల్ లైనుకు వచ్చిననాడు తెలుగువాళ్ళ క్వార్టర్లలో పండగే. ఇన్నాళ్ళకు మన భాష మాట్లాడే సాహెబు, అదీ శ్రీకాకుళం మనిషి! పైడయ్య భార్య పోలమ్మ చేపల పులుసు వండి పంపింది. కూర్మారావు లొట్టలేసుకుని తిని పైడయ్యను బావా అన్నాడు, పోలమ్మను అక్కా అన్నాడు. పిచ్చివాళ్ళు, మురిసి ముక్కలైపోయారు.

ఆ వరసతోనే మెడ మీద కాడి పెట్టాడు. "అక్క వండితేనే మా అమ్మకి సయిస్తుంది" అని పోలమ్మను బంగళా వంటింట్లో పెట్టుకున్నాడు. జీతం లేదు, సెలవు లేదు. "మనోడివి, నువ్వు కాకపోతే ఎవరు చేస్తారు బావా" అంటూ పైడయ్యకున్న ఆదివారాలన్నీ మింగేశాడు. మొగుడూ పెళ్ళాం కలిసి అన్నం తిని ఎన్నాళ్ళయిందో. లక్మా లాంటి అడవి ఊళ్ళ కూలీలతో కలిసి కూర్చోవద్దని కూడా చెప్పాడు. సిగ్గులేని పైడయ్య ఆ మాటా విన్నాడు.

నిన్న నాలుగేళ్ళ ప్రమీలకు జ్వరం ముదిరి ఫిట్సు వచ్చాయి.

"రేపే పెద్ద సాహెబు తనిఖీ బావా. సాయంత్రం వెళ్దువుగాని" అన్నాడు కూర్మారావు. పోలమ్మనూ కదలనివ్వలేదు. పైడయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లక్మా ఎవర్నీ అడగలేదు. పిల్లను గుడ్డతో వీపుకు కట్టుకుని సైకిలెక్కాడు. గంట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పాడు.

ఇప్పుడు పెద్ద సాహెబు బండి వచ్చేలోగా వంకరపోయిన పట్టా సరిచెయ్యాలి. అందరూ గునపాలు దూర్చారు. పైడయ్య కేక పెడితేనే ఇరవైమంది బలం ఒక్కసారిగా పడుతుంది. పైడయ్య కేక పెట్టలేదు. గునపం పక్కన పడేసి పట్టా మీద కూర్చున్నాడు.

"ఏంటి బావా? మనోళ్ళ పరువు తీస్తావా?"

"నా గుంట సచ్చిపోతంటే నువ్వు తనిఖీ సూసుకున్నావు. లక్మాని పనిలోకి ఎట్టుకో. అప్పుడు లెగుతాం."

"ఉద్యోగం ఊడుతుంది. క్వార్టరు ఖాళీ చేయిస్తా."

గ్యాంగులో ముసలివాడు రామ్మూర్తి గొణిగాడు. "పిల్లలున్నోలం. కూలోడి కోసం మనకెందుకురా పైడయ్యా? ఆలోసించు."

"నిన్న ఆడు ఆలోసించలేదు మావా."

రామ్మూర్తి గునపం కింద పెట్టి, వచ్చి పక్కన కూర్చున్నాడు. గ్యాంగంతా కూర్చుంది. కంకర మోసే ఆడమనిషి లక్మే గంప దింపింది, ఆమె వెనక ఆడకూలీలంతా దింపారు. సంగతి బంగళాకు పాకింది. పోలమ్మ అతిథుల కూర పొయ్యి మీదే వదిలేసి వచ్చి లక్మే పక్కన కూర్చుంది.

కూర్మారావు కబురంపితే పోలీసులు వచ్చి పైడయ్య రెక్కలు పట్టుకుని జీపెక్కించారు. కూర్మారావు దగ్గరికొచ్చి మెల్లగా, తియ్యగా, తెలుగులో అన్నాడు. "తప్పయిందని ఒక్క మాట అను బావా. మిగతాది నేను చూసుకుంటా."

పైడయ్య అతనితో తెలుగు మాట్లాడలేదు. పట్టాల మీద కూర్చున్న ప్రతి మనిషికీ అర్థమయ్యే హిందీలో ఇందాకటి మాటే గట్టిగా చెప్పాడు.

"సాబ్, లక్మాకో కామ్ పే లో."

జీపు కదిలింది. వెనక అదే మాట మొదట పోలమ్మ అందుకుంది, తర్వాత లక్మే, తర్వాత అందరూ. తనిఖీ బండి మలుపులో ఆగి కూత మీద కూత వేస్తోంది. ఎవరూ లేవలేదు.