తెల్లచొక్కా మీద చెయ్యి

కాగితాలు కోసే మిషన్ నా కుడిచేతి చిటికెనవేలు సగం మింగి ఆరేళ్లయింది. రంగూన్‌లో, పజుండౌంగ్ పేటలో మా ప్రెస్సుకు శుభలేఖల కోసం వచ్చేవాళ్లందరికీ ఆ చెయ్యి తెలుసు. అందుకే ఆ శుక్రవారం పొద్దున్న హరినాథ్ వీపు చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి.

హరినాథ్ మా చెల్లెలు సత్యశ్రీకి కాబోయే మొగుడి పినతల్లి కొడుకు. పెళ్లితో పాటు ఊరూ చూద్దామని వైజాగ్ నుంచి వచ్చాడు. నాకు వరసకు బావ. లత పేటలో బట్టల కొట్లన్నీ చూపించమని అమ్మే నన్ను పురమాయించింది. పన్నెండు రోజులు ఒకే సైకా రిక్షాలో తిరిగాం. చీరలు ఎంచుతూ, పూలవాళ్లతో బేరాలాడుతూ మనసు పారేసుకున్నాను. అతనూ అంతే. ఆదివారం పొద్దున్న పెళ్లి, సాయంత్రం అతని విమానం.

ఈ ఊళ్లో నా ఈడు మగాడికి భయం కొత్త కాదు. వీధిలో మిలటరీ లారీ ఆగితే చాలు, సైన్యంలోకి పట్టుకుపోతారని ఇంట్లో నక్కుతాం. ఈ భయం వేరు. పెళ్లికొడుకు తల్లి చిలకమ్మకు తెలిస్తే నన్ను తిట్టి ఊరుకోదు, సంబంధమే తెంపేస్తుంది. నా మూలంగా పెళ్లి ఆగిపోతే సత్యశ్రీ మొహం ఎలా చూడను?

ఆ రోజు నలుగు. వెనక గదిలో పసుపు కలుపుతుంటే గిన్నె తీసుకెళ్లడానికి హరినాథ్ వచ్చాడు.

"ఇంక రెండు రోజులే బావా" అన్నాడు.

బుద్ధి గడ్డి తిని అతన్ని గట్టిగా వాటేసుకున్నాను. ఎవరో కేకేస్తే వదిలేశాను. అతను గిన్నె పట్టుకుని హాల్లోకి నడిచాడు. అప్పుడు కనిపించింది, తెల్లచొక్కా నడివీపున నాలుగున్నర వేళ్ల పసుపు చెయ్యి.

హాలు నిండా ఆడవాళ్లు, అందరూ అతనికి ఎదురుగానే. చిలకమ్మ ముందు కుర్చీలో ఉంది.

"ఒరే అరీ, ఆ గిన్నె అక్కడెట్టి నాకో టీ అట్రా" అంది.

టీ బల్ల వెనకవైపు. అతను అటు తిరిగితే అయిపోయినట్టే. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

టీ బల్ల దగ్గరున్న అమ్మ చూసింది. అతని వీపు చూసి, గుమ్మంలో నన్ను చూసి, నా చెయ్యి చూసింది. గబగబా వెళ్లి, గిన్నెలో చెయ్యి ముంచి, సరిగ్గా నా చెయ్యి ఉన్నచోటే ఛెళ్లున చరిచింది.

"ఏటి బాబూ, నలుగింట్లో తెల్లసొక్కాతో తప్పించుకుందారనా? రండర్రా, పెళ్లికొడుకోరి కుర్రోడు!"

అందరూ ఎగబడ్డారు. చిలకమ్మ కూడా లేచొచ్చి "పులిమీండి ఎదవని!" అంటూ రెండు చేతులా పూసింది. ఏం తప్పిందో తెలియక హరినాథ్ పడీపడీ నవ్వాడు.

అమ్మ నన్ను పెరటి గదిలోకి లాక్కెళ్లి, డ్రమ్ములో నీళ్లు ముంచి నా చెయ్యి రుద్దింది.

"ఆదోరం ఆడెల్లిపోతే ఏడుస్తావేటిరా?"

అబద్ధం రాలేదు. "ఏడుస్తానమ్మా."

చాలాసేపు ఆ మొండివేలునే రుద్దింది.

"అయితే సత్తి అప్పగింతలప్పుడే ఏడిసీ. అప్పుడైతే ఎవులూ అడగరు."

ఆదివారం పెళ్లికూతురి కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. "సెల్లంటే ఎంత పేనమో సూడండి" అని చిలకమ్మ నన్ను అందరికీ చూపించింది. అమ్మ నా పక్క నుంచి కదల్లేదు. నా కుడిచెయ్యి కొంగు కింద దాచి, గట్టిగా పట్టుకునే ఉంది.