నాలుగు నడిమి మేకులు

దిల్‌సుఖ్‌నగర్‌లో విజయ్‌కుమార్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు రావలసిన పెద్ద నెట్‌వర్క్ స్విచ్ తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెలో దారిలోనే ఆగిపోయింది. సమ్మె మనదే, తిట్టుకోవడానికీ లేదు! ముప్పై రెండు కంప్యూటర్లను కలిపేదెట్లా?

"చిన్న స్విచ్‌లతోనే కడత సార్" అనేసింది, ల్యాబ్ చూసుకునే పనికి కొత్తగా వచ్చిన ప్రసన్న.

"రేపు మధ్యాహ్నం దాకా చూస్తానండీ. పని చెయ్యకపోతే ల్యాబ్ వేరేవాళ్లకి అప్పగిస్తాను" అన్నాడు తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డ విజయ్‌కుమార్. ప్రసన్న ఆశలన్నీ ఆ ల్యాబ్ పని మీదే.

ఉన్నవి పన్నెండు స్విచ్‌లు, ఒక్కోదానికి ఎనిమిది తీగలే పడతాయి. సన్నని తీగలో సమాచారం ఒకదాని వెనుక ఒకటిగా మెరుపులా పరుగెత్తాలి. ప్రసన్నది పోచంపల్లి నేతిల్లు. పోగు వృథా అయితే అన్నం పారేసినంత బాధ. ఆ పొదుపే కొంప ముంచింది. తీగ కలిసొస్తుందని స్విచ్‌ను పక్క స్విచ్‌కే కలుపుతూ గుండ్రంగా కట్టింది. ముప్పై రెండు కంప్యూటర్లూ ఒక్కసారి నోరు తెరిచేసరికి మలక్‌పేట వంతెన కింద బండ్లలా అన్నీ ఇరుక్కుపోయాయి.

మర్నాడు పొద్దున, బస్సుల్లేక మన్సూరాబాద్ నుంచి సద్ది పట్టుకుని నడిచొచ్చిన నాయనమ్మ అంజమ్మ, ఆ తీగలు చూసి ముక్కున వేలేసుకుంది. నలభై ఏళ్లు ఆసు పోసిన చెయ్యి ఆమెది. రంగులద్దే ముందు నూలును అర్ధచంద్రంలా నాటిన మేకులకు చుట్టే పని అది.

"గిదేంది బిడ్డా! ఆసు గిట్ల పోస్తరా? నడిమి మేకు కాడికెళ్లి అంచు మేకుకు పోవాలె, మల్ల నడిమికే రావాలె. నూలు ఎక్కువ పడితే పడనీ. పోగు దాసుకుంటే చీరెట్లయితది?"

ప్రసన్న నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది. తిండి పక్కకు నెట్టి తీగలన్నీ పీకేసింది. నాలుగు స్విచ్‌లు నడుమ, ఎనిమిది అంచున. అంచున ఉన్న ప్రతిదానికీ నాలుగు కంప్యూటర్లు, మిగిలిన నాలుగు తీగలు నడుమనున్న నాలుగింటికీ. పొదుపు గంగలో కలిసింది.

మధ్యాహ్నం ముప్పై రెండూ ఒక్కసారే నడిచాయి. ఒక్కటీ ఆగలేదు.

"ఏ పుస్తకంలో ఉందండీ ఇది?" అన్నాడు విజయ్‌కుమార్.

"మా అవ్వ చేతులల్ల ఉంది సార్."

ఇంతలో అంజమ్మ ఎవరినీ అడక్కుండా నడిమి స్విచ్ ఒకదాని కరెంటు వైరు పీకేసింది. "అయ్యయ్యో!" అన్నాడు విజయ్‌కుమార్. ప్రసన్న తెర వైపు తిరిగింది. తెర మీద అంకెలు క్షణం తడబడి, మిగిలిన మూడింటి మీదుగా మళ్లీ పరుగందుకున్నాయి.

"ల్యాబ్ మీదేనండీ ప్రసన్నగారూ" అన్నాడాయన.

ప్రసన్నకు ఆ మాట చెవిన పడనే లేదు. ఆమె నాయనమ్మనే చూస్తోంది.

"మా ఆసుకు నడిమి మేకు ఒక్కటే బిడ్డా. అది ఊడితే అంత ఆగమే. అందుకే గుంజి సూసిన" అంది అంజమ్మ, కళ్లొత్తుకుంటూ. "నువ్వు నాలుగు పెట్టినవ్. నన్ను మించినవ్."