ఈ మోడల్‌లో ఇదొక్కటే

నేను ఒక కమోడ్‌ని. ముక్కు మూసుకోనక్కర్లేదు, నన్ను ఇంతవరకూ ఎవరూ వాడలేదు. మీరు నమ్మరని తెలుసు. తాడేపల్లిగూడెంలోనూ ఎవరూ నమ్మలేదు. నా గొడవంతా దాని గురించే.

పుట్టింది గుజరాత్‌లో. తెల్లమట్టిని అచ్చులో పోసి, ఆరబెట్టి, మెరుగు పూసి, ఒక పగలూ ఒక రాత్రీ బట్టీలో కాల్చారు. బయటికి తీసేసరికి నా అంచు కింద వెనకవైపు ఆవగింజంత నల్లమచ్చ తేలింది. గడ్డిలో చుట్టి, నాలాంటి వాళ్ళు డజను మందితో పాటు లారీ ఎక్కించారు. దిగింది మద్ది నాగభూషణం గారి శానిటరీ షాపు ముందు.

షావుకారు నన్ను వేలితో తట్టి మోత విన్నాడు. మచ్చ మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. "దీన్ని అమ్మితే తిరిగొస్తుంది. చూపుడుకి పెడితే మిగతావన్నీ అమ్ముడుపోతాయి" అని గుమాస్తాకి చెప్పి, మచ్చ గోడవైపు వచ్చేలా వీధికి ఎదురుగా చెక్కబల్ల మీద పెట్టించాడు. పదకొండేళ్ళు అక్కడే ఉన్నాను.

కొనడానికి వచ్చినవాడు ముందు వీధి అటూ ఇటూ చూసేవాడు. తర్వాత కూర్చునేవాడు, బట్టలతోనే. కూర్చున్నాక ముఖం పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా బిగిసేది. భార్య పక్కన నిలబడి "ఎత్తు సరిపోయిందాండీ" అని అడిగితే పైకప్పు చూసేవాడు. సర్పంచులు కూర్చున్నారు, పురోహితులు కూర్చున్నారు, ఒక గృహప్రవేశం వాళ్ళు ఇంటిల్లిపాదీ వరసగా కూర్చుని లేచారు. కూర్చున్నవాళ్ళు వేలమంది, పని ముగించుకుని లేచినవాడు ఒక్కడూ లేడు. నా బతుకు లెక్క అంతే.

షావుకారు అమ్మకం అంతా ఒక్క మాట మీద నడిచేది. "ఈ మోడల్‌లో ఇదొక్కటే మిగిలిందండి. రేపొస్తే ఉండదు." వెనక గోడౌన్‌లో డజను ఉండేవి. నమ్మనివాడు లేడు. షావుకారు పక్కింటాయన, హైస్కూల్లో లెక్కలు చెప్పిన బుచ్చిరాజు మాస్టారు కూడా ఆ మాటకే కంగారుపడి కొనుక్కుపోయారు. రెండో నెలలో అది అడుగున కారింది. "నూరేళ్ళు వస్తుందన్నారు కదండీ" అని మాస్టారు వస్తే, "సరుకు వస్తుంది మాస్టారూ, బిగించినవాడి చెయ్యి మంచిది కాదు" అన్నాడు షావుకారు. ఆయన అదీ నమ్మి వెళ్ళిపోయారు.

తర్వాత గోడకి వేలాడే రకాలు వచ్చాయి. షావుకారు మోకాళ్ళు అరిగాయి. షాపు ఎత్తేశాడు. కుళాయిలు, పైపులు, అద్దాలు, గోడౌన్‌లో డజనూ అన్నీ అమ్ముడుపోయాయి, నేను మిగిలాను. ఇనుమైతే తూకానికి పోయేది. పింగాణీని పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు. సుత్తితో పగలగొట్టి గోతిలో పోయడం ఒక్కటే నాకు రాసిపెట్టి ఉంది. షావుకారుకి మనసొప్పలేదో, సరుకు పారేయడం చేతకాలేదో తెలియదు గానీ నన్ను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

గుమ్మంలో ఆయన భార్య మాణిక్యమ్మ అడ్డం నిలబడింది.

"అదెందుకండీ ఇంట్లోకి?"

"డాబా మీద పెట్టి దోసపాదు వేస్తాను."

"అందులోనా?"

"దీన్ని ఎవరూ వాడలేదే. షాపులో చూపుడుకి పెట్టింది."

"షాపులో మీరేం చెప్పేవారో నేను వినలేదా ఏంటి. ముప్పై ఏళ్ళు గల్లా పక్కనే కూర్చున్నాను."

ఎవరూ వాడలేదన్నది ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నికార్సైన నిజం. ఆ బేరమే తిరిగిపోయింది.

చివరికి మాణిక్యమ్మే గడువు పెట్టింది. "మాగాయ ముక్కలు ఎండబెట్టే రోజు దాకా ఉంచండి. ఈలోగా మీరు కాక ఇంకొక్కరు దాంట్లో కాసింది తింటే సరే. లేకపోతే సుత్తి నేనే పట్టుకొస్తాను. మడి పచ్చడి పక్కన అది ఉండడానికి వీల్లేదు. మీరు తింటే లెక్కలోకి రాదు, మీరు ఏదైనా తింటారు."

శివరాత్రి వెళ్ళాక షావుకారు పని మొదలుపెట్టాడు. నా అడుగున ఇటుక ముక్కలు, వాటి మీద కొబ్బరిపొట్టు, ఆపైన చెరువుమట్టి, పాత పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. వేలి కణుపు లోతున మూడు కీరదోస గింజలు. నాతో పాటు అయిదు నల్ల పెయింట్ బకెట్లలో కూడా వేశాడు. ఎవరైనా అడిగితే బకెట్లు చూపించవచ్చని కాబోలు. నైలాన్ తాడు కట్టి తీగలు పాకించాడు. ముందు ఉత్త మగపూలే విచ్చుకుంటే మోసపోయానని నాలుగు రోజులు అన్నం సహించలేదు. తర్వాత ఆడపూలు వచ్చాయి, మెడ కింద చిన్న పిందెతో. ఆ ఎత్తున తేనెటీగలు తిరగడం లేదని మగపువ్వు తుంచి, రేకులు తీసి, ఆడపువ్వుకి అద్దాడు.

"ఈ వయసులో పెళ్ళిళ్ళ పేరయ్య ఉద్యోగమా" అంది మాణిక్యమ్మ, వడియాలు పెడుతూ. "పిందెలకేసి వేలు చూపించకండి, రాలిపోతాయి. లెక్కపెట్టాలంటే వేలు మడిచి లెక్కపెట్టండి."

ఆయన వేలు మడిచి లెక్కపెట్టేవాడు.

ఏప్రిల్ ఎండ గూడెం మీద పడింది. పన్నెండు గంటలకి బకెట్లు ముట్టుకుంటే చెయ్యి కాలేది. పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఆవిరి. దాహంతో కాసిన దోసకాయ చేదెక్కుతుంది. ఆ అయిదు బకెట్ల కాయలూ నోట్లో పెట్టుకుంటే వేపాకే. నా సంగతి వేరు. ఒళ్ళు తెలుపు, ఎండ పట్టదు. పైగా నా మెడలో ఒక వంపు ఉంది, అందులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలుస్తాయి, ఎక్కువైనవి వెనక నుంచి పోతాయి. ఆ వంపు దేనికోసం చేశారో మీకు తెలుసు. నా వేళ్ళకి అది చలివేంద్రం అయింది. నా కాయలు కరకరలాడుతూ, చల్లగా, కమ్మగా దిగాయి.

తినేవాళ్ళు కావాలి. షావుకారు రెండు కాయలు పట్టుకుని పిట్టగోడ మీదుగా బుచ్చిరాజు మాస్టారికి అందించబోయాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"భూషణం గారూ, మీ కమోడ్‌లు నాకు ఇదివరకే అనుభవం."

"వాడలేదండీ, ఒట్టు."

"ఒట్టు అప్పుడూ పెట్టారండీ."

గడువు దగ్గరపడింది. ఇంతలో ఇంకో బాధ. సాయంత్రం వేలు మడిచి లెక్కపెట్టిన కాయల్లో పొద్దునకి ఒకటి తగ్గేది. నా తీగకే, అందులోనూ లేత కాయే. షావుకారు ఉడతలని తిట్టాడు, వల కట్టాడు, ఎప్పుడో పరాకున వేలు చాపి ఉంటానని తనని తాను తిట్టుకున్నాడు. దొంగ ఎవరో నాకు తెలుసు. చాడీలు చెప్పడం నాకు చేతకాదు. మా జాతికి నోరు తెరిచి ఉంచడమే గానీ మాట్లాడడం లేదు.

మాగాయ రోజు వచ్చింది. మాణిక్యమ్మ తలస్నానం చేసి, కత్తిపీట డాబా మీదికే తెచ్చుకుని, మామిడికాయలు చెక్కు తీస్తోంది. పక్కన సుత్తి. మాట అంటే మాటే. షావుకారు ఎదురుగా మూడు దోసకాయలు పెట్టి ఏ కుండీవో చెప్పకుండా ఊరుకున్నాడు. రెండు బకెట్లవి, ఒకటి నాది. సరుకు కలపడం ఆయనకి కొత్త కాదు.

ఆవిడ మొదటిదాని కొన కోసి, ఆ ముక్కతోనే నురగ వచ్చేదాకా రుద్ది, నాలుక మీద పెట్టుకుని ఊసేసింది. రెండోది కూడా ఊసేసింది. మూడోది కొరికి నమిలింది.

"ఇది ఏ కుండీదండీ?"

షావుకారు ముఖంలో షాపు మొత్తం ఒకసారి తెరుచుకుని మూసుకోవడం చూశాను. బకెట్‌ది అంటే ఆవిడ హాయిగా తింటుంది, నాది ఎవరూ తిననట్టే లెక్క, నేను గోతిలో పడతాను. నాది అంటే ఊసేస్తుంది, అప్పుడూ గోతిలోనే. ఏ మాట చెప్పినా లాభం లేని బేరం ఆయనకి అదే మొదటిది. సుత్తివైపు చూశాడు. నావైపు చూశాడు.

"కమోడ్‌దే" అన్నాడు.

ఆవిడ నమలడం ఆపలేదు. మిగతా సగం కూడా తినేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"పది రోజులుగా తింటున్న ఉడతకి ఆ మాత్రం తెలియదా?"

షావుకారు మోకాళ్ళ నొప్పి మర్చిపోయి చతికిలపడ్డాడు. "అయితే వాడలేదని నమ్మావన్నమాట."

"నమ్మడమేంటి? కాయ బాగుంది, తిన్నాను" అంటూ సుత్తి ఆయన చేతికిచ్చింది. "ఆ పిట్టగోడ చివర మేకు ఊడింది, దాంతో కొట్టండి. గుడ్డ కట్టి ముక్కలు ఎండబెట్టాలి."

మాగాయ ముక్కలు నా పక్కనే ఎండాయి.

ఆ సాయంత్రం మాణిక్యమ్మ నా కాయలు చక్రాలు తరిగి, ఉప్పూ కారం చల్లి, పళ్ళెం పిట్టగోడ మీద పెట్టింది. మాస్టారు అటువైపు తన డాబా మీద ఎండకి మాడిన దోసతీగలని చూస్తూ నిలబడి ఉన్నారు. "ఏ కుండీవమ్మా?" అని అడిగారు. "తిన్నాక అడగండి మాస్టారూ" అంది ఆవిడ. ఆయన ఒకటి తిన్నారు, పళ్ళెం ఖాళీ చేశారు, ఏమీ అడగలేదు. కాసేపు నా వైపు చూశారు. నల్లమచ్చ ఆయన వైపే ఉంది. తర్వాత గొంతు తగ్గించారు.

"భూషణం గారూ, అలాంటిది ఇంకోటి ఏమైనా ఉందాండీ?"

షావుకారు తల అడ్డంగా ఊపాడు. "ఈ మోడల్‌లో ఇదొక్కటే మిగిలిందండి."

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని నవ్వారు. "ఆ మాట నా దగ్గర కాదండీ. రేపు గోడౌన్ తాళాలు తీసుకుని రండి, నేనే చూసుకుంటాను."